ఖానాబదోష్: భుజాన ఇల్లు మోసినవాళ్లు

మా ఇళ్లలో పిల్లగాడు ఒక్కచోట కుదురుగా ఉండకపోతే 'క్యా రే, ఖానాబదోషాఁ కే వైసా ఫిర్‌రా' అని కసురుతారు. ఈ లఫ్జ్‌ను నేను ముందు తిట్టుగానే విన్నాను. అసల్ మతలబ్ తర్వాత తెలిసింది.

ఫార్సీలో ఖానా అంటే ఇల్లు. దవాఖానా, కార్ఖానాలలో ఉన్నది అదే. మనం తినే ఖానాకు దీనితో రిష్తా లేదు. 'బ' అంటే మీద, 'దోష్' అంటే భుజం. భుజం మీద ఇల్లు ఉన్నవాడు ఖానాబదోష్. ఇందులో తిట్టేమీ లేదు. కానీ తెలుగు చెవికి దోష్ అనగానే దోషి గుర్తొస్తాడు. సర్కార్లూ అట్లాగే విన్నాయి. 1871లో అంగ్రేజులు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకుంది. ఆ కానూన్ 1952లో రద్దయింది. షక్ మాత్రం పోలేదు.

మన జిల్లాల తారీఖ్ చూస్తే వీళ్లు లేకుండా ఊరు నడవలేదు. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసేవారు. దక్కన్‌కు వచ్చిన మొగల్ ఫౌజులకు రసద్ అందించింది కూడా ఈ బంజారాలే. తండా అంటే మొదట ఆ ఎద్దుల కాఫిలా. తర్వాత రోడ్లు పడ్డాయి, కాజీపేట నుంచి పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా బల్లార్షాకు రైలు పడింది. ఎద్దుల బేరం ఖతమైంది. కాఫిలా ఆగిన చోటే ఊరైంది. నడిచే గుంపు పేరు ఇవాళ కదలని ఊరి పేరు.

ఖానాబదోషులు మనలోనూ ఉన్నారు. 2007లో బీసీ-ఈ రిజర్వేషన్ ఇచ్చిన ముస్లిం జాబితా తీసి చూడండి: ఫకీర్లు, గారడీ ముస్లింలు, గుడ్డి ఎలుగువాళ్లు, తురక కాశలు. ఎలుగుబంటిని ఆడించేవాళ్ల రోజీ 1972 వన్యప్రాణి చట్టం తర్వాత నేరమైంది. రోళ్లు, విసుర్రాళ్లు కొట్టిన కాశల ఉలి, ఇంటింటికీ మిక్సీ వచ్చాక మూలకు పడింది. పని పోయింది, ఇల్లు రాలేదు.

సర్కారీ ఉర్దూలో ఇళ్ల లెక్కను ఖానాషుమారీ అంటారు. ఇల్లు భుజాన ఉన్నవాడు ఆ లెక్కలో ఏ నంబరు కింద వస్తాడు? 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28న ఒక్క రాత్రిలో లెక్కబెట్టారు. ఇక పతా లేనివాడికి రేషన్ కార్డు, బడిలో దాఖలా, కుల సర్టిఫికెట్ ప్రతిదీ కష్టమే. జాబితాలో పేరుంది, అందుకోవడానికి కాగితం లేదు.

ముసాఫిర్‌కు మన దీన్‌లో ఎంతో ఇజ్జత్. జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాల్లో బాటసారి ఒకడు. ఖానాబదోష్‌కు మాత్రం దర్వాజా దగ్గరే అనుమానం. ముసాఫిర్‌కు తిరిగి వెళ్లడానికి ఇల్లుంది, ఇతనికి లేదు. ఫరక్ అంతే. అట్లాంటప్పుడు హమ్‌దర్దీ ఎవరికి ఎక్కువ దక్కాలి?

మన మొహల్లాలో, దర్గా పక్కన డేరా వేసినవాళ్లు ఉంటే వాళ్ల పిల్లలు బడికి పోతున్నారా అని అడుగుదాం. సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసుకు తోడు వెళ్దాం. ఇంట్లో పిల్లల్ని కసిరేటప్పుడు వేరే లఫ్జ్ వెతుక్కుందాం.