బడిదారిలో సైకిలు: పార్సిప్పనీ నేపథ్యంలో ఒక పరిశీలన

1969లో అమెరికాలో అయిదు నుంచి పద్నాలుగేళ్ళ వయసు పిల్లల్లో సుమారు 48 శాతం మంది నడిచో, సైకిలు తొక్కో బడికి వెళ్ళేవారు. 2009 నాటికి అది 13 శాతానికి పడిపోయింది. పిల్లలకు తెరల మీద మోజు పెరిగిందనీ, తల్లిదండ్రులకు భయం ఎక్కువైందనీ దీనికి కారణాలు చెబుతారు. ఆ భయం నిజమే కాని అది ఊరికే పుట్టలేదు. ఊళ్ళు పెరిగిన తీరులోనే దాని మూలం ఉంది. న్యూజెర్సీ రాష్ట్రం మోరిస్ కౌంటీలోని పార్సిప్పనీ ఇందుకు చక్కని ఉదాహరణ.

పార్సిప్పనీ-ట్రాయ్ హిల్స్ టౌన్‌షిప్‌ జనాభా 1950లో 15 వేల పైచిలుకు. 1970 నాటికి అది 55 వేలు దాటింది. 2020 లెక్కల్లో 56,162. అంటే ఊరి రూపురేఖలు ప్రధానంగా ఆ ఇరవయ్యేళ్ళలోనే స్థిరపడ్డాయి. అంతర్‌రాష్ట్ర రహదారుల నిర్మాణం ముమ్మరంగా సాగిన కాలమూ అదే. ఇంటర్‌స్టేట్ 80, 287 ఈ ఊళ్ళోనే కలుస్తాయి. 280 ఇక్కడే మొదలవుతుంది. రూట్ 46, రూట్ 10 ఊరి మీదుగానే పోతాయి. మరోవైపు లేక్ హయవాతా, లేక్ పార్సిప్పనీ వంటి పేటలు 1930లలో వేసవి విడిదులుగా వెలిసి, తరువాత శాశ్వత నివాసాలుగా మారినవి. అక్కడి వీధులు సెలవులు గడపడానికి వచ్చేవారి కోసం వేసినవే గాని, రోజూ ఉదయం వందలాది పిల్లలు బడికి వెళతారన్న ఆలోచనతో వేసినవి కావు.

న్యూజెర్సీ చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు రెండు మైళ్ళు, హైస్కూలు విద్యార్థులకు రెండున్నర మైళ్ళు దాటిన దూరంలో ఉన్నవారికి ప్రయాణ సదుపాయం కల్పించడం స్కూల్ డిస్ట్రిక్టు బాధ్యత. రెండు మైళ్ళంటే సైకిలు మీద పావుగంట ప్రయాణం. ఆ హద్దు లోపల ఉన్న పిల్లలకే సైకిలు బాగా పనికివస్తుంది. తీరా చూస్తే వారిలో ఎందరో తల్లిదండ్రుల కారుల్లో వెళతారు. బడి ముందు కారుల వరస పెరిగేకొద్దీ సైకిలు తొక్కే పిల్లవాడికి అపాయం పెరుగుతుంది. ఆ అపాయాన్ని చూసి మరో తల్లి కారు తీస్తుంది.

ఈ చక్రాన్ని ఒక్క సంస్థ ఆపలేదు. బడి ఆవరణ స్కూల్ బోర్డుది. వీధులు టౌన్‌షిప్‌వి, కొన్ని దారులు కౌంటీవి, పెద్ద రోడ్లు రాష్ట్ర రవాణా శాఖవి. పిల్లలను రోడ్డు దాటించే గార్డుల పర్యవేక్షణ పోలీసుల పరిధిలోది. పిల్లవాడు ఒక్క ఉదయంలో ఇన్ని అధికార పరిధులు దాటి బడి చేరాలి. అందువల్ల భాగస్వామ్యం ఇక్కడ మర్యాద కోసం అనే మాట కాదు, తప్పనిసరి అవసరం.

ఈ సంగతిని తొలుత గుర్తించినది డెన్మార్క్. 1970లలో బాలల రోడ్డు ప్రమాదాలు అక్కడ తీవ్రంగా ఉండగా, ఒడెన్సే నగరం బడిదారుల్లోని ప్రమాద స్థలాలను గుర్తించి సరిచేయడం మొదలుపెట్టింది. అమెరికాలో 1997లో బ్రాంక్స్‌లో ఇటువంటి ప్రయత్నం జరిగింది. 2000లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలోనూ, మసాచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్‌లోనూ కేంద్ర నిధులతో ప్రయోగాలు సాగాయి. మినసోటా ప్రతినిధి జేమ్స్ ఓబర్‌స్టార్ చొరవతో 2005 రవాణా చట్టంలో ‘సేఫ్ రూట్స్ టు స్కూల్’ జాతీయ కార్యక్రమమైంది. అయిదేళ్ళకు 61.2 కోట్ల డాలర్లు కేటాయించారు. అందులో 70 నుంచి 90 శాతం కాలిబాటలు, దాటుడు గీతలు వంటి నిర్మాణాలకు. మిగిలింది శిక్షణకు, ప్రోత్సాహానికి. 2012లో ఇది ప్రత్యేక నిధిని కోల్పోయి ఇతర పథకాలలో కలిసిపోయింది.

న్యూజెర్సీలో ఈ పనిని రాష్ట్ర రవాణా శాఖ ఎనిమిది ప్రాంతీయ రవాణా సంస్థల ద్వారా నడిపిస్తోంది. మోరిస్ కౌంటీకి ఆ సంస్థ ‘అవెన్యూస్ ఇన్ మోషన్’ (పూర్వపు ట్రాన్సాప్షన్స్). రట్గర్స్ విశ్వవిద్యాలయంలోని వూర్హీస్ కేంద్రం సమాచారం, సలహాలు అందిస్తుంది. ప్రాంతీయ సంస్థలు బడులలో హెల్మెట్ పెట్టుకునే పద్ధతి, బ్రేకుల పరీక్ష, మలుపులో చేతి సంజ్ఞలు నేర్పుతాయి. తల్లిదండ్రులతో కలిసి దారులను నడిచి చూసి లోపాలు నమోదు చేస్తాయి. ఈ రాష్ట్రంలో పదిహేడేళ్ళ లోపువారికి హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి. హెల్మెట్ తలను కాపాడుతుంది గాని, వేగంగా వచ్చే కారును ఆపదు. ఆ పని రోడ్డు చేయాలి.

ఫలితాలకు ఆధారాలున్నాయి. న్యూయార్క్ నగరంలో బడిదారులను సరిచేసిన ప్రాంతాలలో, బడివేళల్లో నడిచివెళ్ళే పిల్లలకు తగిలే గాయాలు 44 శాతం తగ్గాయని 2013లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇతర ప్రాంతాలలో దాదాపు మార్పు లేదు. మరో అధ్యయనం 801 బడులను పరిశీలించింది. నిర్మాణ మార్పులున్నచోట నడక, సైకిలు ప్రయాణాలు అంతకుముందున్న స్థాయి మీద 18 శాతం పెరిగాయి. శిక్షణ, ప్రోత్సాహాల ఫలితం మాత్రం ఏటేటా కూడుకుంటూ, అయిదేళ్ళలో 25 శాతం పెరుగుదలకు చేరగలదని తేలింది. ఏడాదికొకసారి జరిపే సైకిలు దినోత్సవంతో ఆగితే ఈ ఫలితం రాదు.

బీహార్ ప్రభుత్వం 2006లో బాలికలకు సైకిళ్ళ పథకం ప్రారంభించింది. హైస్కూలులో చేరే బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు ఇచ్చారు. అక్కడ కొరత సైకిలుది. పార్సిప్పనీలో సైకిలు గరాజులోనే ఉంది, కొరత దారిది. సైకిలును ప్రభుత్వం ఒక్కరోజులో పంచగలదు. దారిని మాత్రం బడి, టౌన్‌షిప్, పోలీసులు, తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి కలిసి కాపాడుకోవాలి. పిల్లలు పై తరగతులకు వెళ్ళగానే వారి తల్లిదండ్రుల ఉత్సాహం సన్నగిల్లడం సహజం. ఆ తరువాత వచ్చే పిల్లలకోసం పనిని కొనసాగించే స్థిరమైన వ్యవస్థ ఉన్నచోటనే బడిదారి నిలుస్తుంది.