అండమాన్: పదవి దక్కినా పోలీసు అధికారం దక్కని కర్నల్ లోగనాథన్

దక్షిణ అండమాన్‌లో, నేడు శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి వెలుపల హంఫ్రీగంజ్ అనే గ్రామం ఉంది. అక్కడ ‘బలిదాన్ వేది’ పేరిట ఒక స్మారకం కనిపిస్తుంది. 1944 జనవరి 30న జపాన్ సైనికులు 44 మంది భారతీయ పౌరులను గూఢచారులన్న ఆరోపణపై ఇక్కడే కాల్చిచంపారు.

ఈ ఘటనకు సరిగ్గా నెల రోజుల ముందు, 1943 డిసెంబర్ 30న, సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లోని జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. ప్రకటనల ప్రకారం ఈ దీవులు అప్పటికి ఆజాద్ హింద్ ప్రభుత్వానివి. ఆ ప్రభుత్వం తరఫున చీఫ్ కమిషనర్‌గా లెఫ్టినెంట్ కర్నల్ ఎ.డి. లోగనాథన్ 1944 ఫిబ్రవరిలో ఇక్కడ అడుగుపెట్టారు. ప్రజల ప్రాణాలకు పేరుకు ఆయనే బాధ్యుడు. వారిని కాపాడే అధికారం మాత్రం ఆయన చేతికి రాలేదు.

అనుమానంతో మొదలైన హింస

జపాన్ దళాలు 1942 మార్చి 23న పోర్ట్ బ్లెయిర్‌ను పెద్దగా ప్రతిఘటన లేకుండానే ఆక్రమించాయి. బ్రిటిష్ పాలన నుంచి విముక్తి లభించిందన్న ఆశ స్థానికులలో ఎంతో కాలం నిలవలేదు. జుల్ఫికర్ అలీ అనే యువకుడు ఎయిర్ గన్ పేల్చినందుకు, జపాన్ సైనికులు అతడిని అందరి ఎదుట హింసించి చంపారు.

1943 జనవరిలో బ్రిటిష్ అధికారి డెనిస్ మెక్‌కార్తీ నాయకత్వంలో ఒక చిన్న బృందం జలాంతర్గామిలో వచ్చి, రహస్యంగా దీవుల్లో దిగింది. మెక్‌కార్తీ అంతకుముందు పోర్ట్ బ్లెయిర్‌లో పోలీసు అధికారిగా పనిచేసినవారు. సమాచారం ఎక్కడి నుంచి బయటికి పోతున్నదో అంతుచిక్కని జపాన్ అధికారులు స్థానిక ప్రజలనే అనుమానించారు. అరెస్టులు, చిత్రహింసలు, బలవంతపు ఒప్పుకోళ్లు వరుసగా సాగాయి.

సెల్యులార్ జైలు అనగానే తెలుగువారికి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి విప్లవకారులు గుర్తుకు వస్తారు. జపాన్ ఆక్రమణ కాలంలో అదే జైలు గదులు దీవుల సాధారణ పౌరులతో నిండాయి. భారత స్వాతంత్ర్య లీగ్ స్థానిక శాఖకు నాయకత్వం వహించిన వైద్యుడు, పంజాబీ కవి డాక్టర్ దివాన్ సింగ్‌ను కూడా అక్కడే నిర్బంధించారు. బోస్ దీవుల్లో పర్యటించిన రోజుల్లో ఆయన ఆ జైలులోనే ఉన్నారు. చిత్రహింసల కారణంగా 1944 జనవరి 14న మరణించారు. మరో 16 రోజులకు హంఫ్రీగంజ్ కాల్పులు జరిగాయి.

ఎవరీ లోగనాథన్?

ఆర్కాట్ దొరైస్వామి లోగనాథన్ వృత్తిరీత్యా వైద్యుడు. బ్రిటిష్ ఇండియా సైన్యానికి వైద్యులను అందించే ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో అధికారిగా పనిచేశారు. అనంతరం ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. 1943 అక్టోబర్ 21న సింగపూర్‌లో ఏర్పడిన ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వంలో సైన్యం తరఫు ప్రతినిధులలో ఆయన ఒకరు.

అదే ఏడాది నవంబర్‌లో టోక్యోలో జరిగిన తూర్పు ఆసియా దేశాల సమావేశంలో, అండమాన్ నికోబార్ దీవులను బోస్ ప్రభుత్వానికి అప్పగిస్తామని జపాన్ ప్రధాని టోజో ప్రకటించారు. బోస్ ఆ దీవులకు ‘షహీద్’, ‘స్వరాజ్’ అని పేర్లు పెట్టారు. భారతీయుల పాలనలోకి వచ్చిన తొలి స్వతంత్ర భూభాగంగా వాటిని ప్రపంచానికి చూపాలన్నది ఆయన సంకల్పం. ఆ సంకల్పాన్ని ఆచరణలో పెట్టవలసిన బాధ్యత లోగనాథన్‌పై పడింది. ఆయన వెంట వచ్చినది మేజర్ మన్సూర్ అలీ అల్వీ సహా కొద్దిమంది మాత్రమే.

విద్యాశాఖ ఒక్కటే ఎందుకు?

యుద్ధం ముగిసేవరకు దీవులను పూర్తిగా అప్పగించడం సాధ్యం కాదని, రక్షణ అవసరాలే ఇందుకు కారణమని జపాన్ అధికారులు చెప్పారు. కొన్ని పౌర పాలనా శాఖలను ఇవ్వడానికి మాత్రం అంగీకరించారు. పోలీసు శాఖ వాటిలో లేదు.

పోలీసు శాఖ లేకుండా మిగిలిన శాఖలను స్వీకరించడానికి లోగనాథన్ నిరాకరించారు. చివరకు విద్యాశాఖ ఒక్కటే ఆయన చేతికి వచ్చింది. గూఢచర్యం కేసులు, అరెస్టులు, విచారణలు, శిక్షలు జపాన్ అధికారుల చేతుల్లోనే కొనసాగాయి.

ఈ నిర్ణయాన్ని రెండు విధాలుగా చూడవచ్చు. అన్ని శాఖలూ తీసుకుని ఉంటే, తాను ఆపలేని హింసకు భారతీయ ప్రభుత్వ ముద్ర వేసినట్లయ్యేది. తీసుకోకపోవడం వల్ల ఆ ముద్ర పడలేదు. అయితే బాధితులకు ఆ తేడా వల్ల ఒరిగినది ఏమీ లేదు. ఫిర్యాదు చేసుకోవడానికి ఒక భారతీయ అధికారి ఉన్నా, తలుపు తట్టి తీసుకుపోయేవారిని నిలువరించే శక్తి ఆయనకు లేదు.

ఆరోగ్యం క్షీణించడంతో లోగనాథన్ 1944లోనే దీవులను విడిచి వెళ్లారు. అల్వీ అక్కడే ఉండిపోయారు. 1945 ఆగస్టులో, జపాన్ లొంగుబాటుకు కొద్ది రోజుల ముందు, తీవ్రమైన ఆహార కొరత నడుమ, వందలాది మంది పౌరులను పడవల్లో ఎక్కించి హావ్‌లాక్ దీవి వైపు తీసుకువెళ్లారు. తీరం చేరకముందే వారిని సముద్రంలోకి నెట్టివేశారు. ప్రాణాలతో మిగిలినవారు అతి స్వల్పం. బోస్ పెట్టిన పేరుకు గుర్తుగా 2018లో ఆ దీవికే ‘స్వరాజ్ ద్వీప్’ అని నామకరణం చేశారు.

రంగూన్‌లో అదే అధికారి

లోగనాథన్ జీవితంలోని తర్వాతి ఘట్టం అండమాన్ అనుభవాన్ని మరో కోణంలో చూపుతుంది. 1945 ఏప్రిల్ చివరి వారంలో జపాన్ సేనలు రంగూన్‌ను ఖాళీ చేశాయి. బోస్ కూడా నగరాన్ని విడిచారు. వెళ్తూ, అప్పటికి మేజర్ జనరల్‌గా ఉన్న లోగనాథన్‌కు దాదాపు 6,000 మంది సైనికులను అప్పగించి, అక్కడి భారతీయుల రక్షణ బాధ్యతను ఆయనపై ఉంచారు.

1942లో బ్రిటిష్ వారు నగరాన్ని వదిలి వెళ్లినప్పుడు రంగూన్ దోపిడీలతో అట్టుడికింది. ఈసారి బ్రిటిష్ సేనలు మే మొదటి వారంలో తిరిగి ప్రవేశించే వరకు నగరంలో శాంతిభద్రతలు నిలిచాయి. పోర్ట్ బ్లెయిర్‌లో, రంగూన్‌లో ఉన్నది ఒకే అధికారి. ఒకచోట ఆయన వెనుక దళం లేదు, మరోచోట ఉంది.

రువాండాలో ఇదే ప్రశ్న

సరిగ్గా 50 ఏళ్ల తర్వాత ఇదే ప్రశ్న ఆఫ్రికాలో మరింత భయానకంగా ఎదురైంది. 1994లో రువాండాలోని ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షక దళానికి కెనడా జనరల్ రోమియో డల్లైర్ నాయకత్వం వహించారు. ఆయుధాల నిల్వల గురించి, టుట్సీల హత్యకు సాగుతున్న సన్నాహాల గురించి ఆయన జనవరి 11నే న్యూయార్క్‌కు హెచ్చరిక పంపారు. ఆయుధాలను స్వాధీనం చేసుకోవడానికి అనుమతి రాలేదు. ఏప్రిల్‌లో హత్యాకాండ మొదలైన తర్వాత, భద్రతా మండలి దళాన్ని పెంచడానికి బదులు దాదాపు 270 మందికి కుదించాలని తీర్మానించింది. సుమారు 100 రోజుల్లో దాదాపు 8 లక్షల మంది హతులయ్యారు.

తగిన అధికారంతో 5,000 మంది సైనికులు ఉండి ఉంటే ఎందరినో కాపాడగలిగేవాడినని డల్లైర్ అభిప్రాయం. ఆ జ్ఞాపకాలు ఆయనను తీవ్ర మానసిక వేదనకు గురిచేశాయి. 2000లో సైన్యం నుంచి వైదొలిగిన ఆయన తన అనుభవాన్ని బహిరంగంగా చెప్పుకున్నారు. రువాండా నేరాలపై ఏర్పడిన అంతర్జాతీయ న్యాయస్థానంలో సాక్ష్యమిచ్చారు.

అండమాన్ ఘటనలు రువాండా వంటి జాతిహననం కావు. లోగనాథన్ శాంతి పరిరక్షక దళాధిపతీ కారు. ఆయన జపాన్‌కు మిత్రపక్షమైన ప్రభుత్వం పంపిన ప్రతినిధి. అయినా బాధ్యతను ఒకరికి, ఆయుధాన్ని మరొకరికి ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

ఎర్రకోటలో సాక్ష్యం

1945 నవంబర్ 5న ఢిల్లీ ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లపై విచారణ మొదలైంది. ఆజాద్ హింద్ ఒక నిజమైన ప్రభుత్వమని, దానికి సొంత భూభాగం ఉండేదని నిరూపించడం డిఫెన్స్ న్యాయవాది భూలాభాయ్ దేశాయ్ వాదనకు కీలకం. అందుకు అండమాన్ ముఖ్యమైన ఆధారం. లోగనాథన్ డిఫెన్స్ సాక్షిగా బోనెక్కారు.

దీవుల అప్పగింత కార్యక్రమం జరిగిందని ఆయన చెప్పారు. తన చేతికి వచ్చింది విద్యాశాఖ ఒక్కటేనని, పోలీసు శాఖ రాలేదని కూడా చెప్పారు. మొదటి మాట సహచరులకు ఉపకరించేది. రెండవది ప్రత్యర్థి న్యాయవాదికి పనికివచ్చేది. ఆయన రెండూ నమోదు చేయించారు.

అంతకు కొద్ది వారాల ముందే, 1945 అక్టోబర్‌లో, బోస్ పతాకం ఎగురవేసిన జింఖానా మైదానంలోనే జపాన్ సేనలు బ్రిటిష్ బ్రిగేడియర్ సాలమన్స్‌కు లాంఛనంగా లొంగిపోయాయి. ఆ మైదానం ఇప్పుడు నేతాజీ స్టేడియం. పతాకావిష్కరణను స్మరించుకోవడానికి అక్కడికి వెళ్లే యాత్రికులు, హంఫ్రీగంజ్ స్మారకాన్ని కూడా దర్శిస్తేనే ఆ రెండు నెలల చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.