చలనచిత్రములు – యుద్ధచరిత్ర

గడచిన మాసమున మిత్రులము నలుగురము వారమున కొకమాఱు కూడి, యుద్ధమును గూర్చిన చలనచిత్రములను, థ్రిల్లరులని పేరొందిన యుత్కంఠచిత్రములను వరుసగా జూచితిమి. చూచిన పిదప వానిని గూర్చి వాదించుకొనుటయు నలవాటయ్యెను. థ్రిల్లరులు వినోదమాత్రములనియు, యుద్ధచిత్రములు చరిత్రకు జెందినవనియు మొదట మేము విభజించుకొంటిమి గాని, నాలుగువారములు గడచునప్పటి కా విభాగము నిలువలేదు. పేరెన్నికగన్న యుద్ధచిత్రములలో పెక్కింటికి ప్రాణము థ్రిల్లరుయొక్క ప్రాణమే. ఈ సంగతి చరిత్రకు మేలో కీడో విచారింపదగియున్నది.

ఉత్కంఠ యనగా నేమో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడగు ట్రూఫోతో సంభాషించుచు తేటగా జెప్పినాడు. బల్లక్రింద బాంబున్నదని ప్రేక్షకునకు దెలియకయే యది పేలినచో నతడు క్షణకాల ముల్కిపడి యూరకుండును. బాంబున్నదని యతనికి ముందే తెలిసి, బల్లచుట్టును గూర్చున్నవారు మాత్ర మెఱుగక యేవో పిచ్చాపాటి మాటలాడుకొనుచున్నచో, ఆ పావుగంటయు నతని గుండె కొట్టుకొనుచునే యుండును. ఇందలి రహస్యమంతయు గడియారమున నున్నది. ఐతే గడియారమును జూచువాని కంట నన్నియు బడవు. పేలబోవు వస్తువుతో సంబంధము లేని మనుష్యు లతనికి లేనివారితో సమానులు. థ్రిల్లరునం దిది దోషము కాదు. చరిత్రను థ్రిల్లరుగా జెప్పబూనినపుడే చిక్కు.

మేము మొదట జూచినది క్రిస్టఫర్ నోలన్ 2017లో వెలువరించిన ‘డన్‌కర్క్’. 1940 మే 26 మొదలు జూన్ 4 వఱకు ఫ్రాన్సు తీరమునుండి 3,38,226 మంది సైనికు లింగ్లండునకు దాటింపబడిరి. ఈ కథను నోలన్ మూడుకాలములుగా విడదీసి, రేవుకట్టపై నొకవారము, సముద్రముపై నొకదినము, ఆకాశమున నొకగంటగా పేనినాడు. తన గడియారపు టిక్కుటిక్కు చప్పుడును బట్టి సంగీతకర్తయగు హాన్స్ జిమ్మరున కిచ్చి, దానిని నేపథ్యసంగీతమున గలిపించెను. సంభాషణము లత్యల్పము, శత్రువు ముఖము కనబడుటయే యరుదు. నా కీ చిత్రము మిక్కిలి నచ్చినది. ఓడిపోయి పాఱిపోవుచున్న సైన్యముయొక్క భయమును వీరత్వపు పూత లేకుండ చూపిన చిత్రములు తఱచు దొరకవు.

ఇది వెలువడినప్పుడు భారతీయు లిందు గానరారని కొందఱు తప్పుపట్టిరి. 1939 డిసెంబరులో భారతసైన్యమునుండి కంచరగాడిదల దళములు నాలుగు ఫ్రాన్సునకు బోయిన మాట నిజము. వారిలో పెక్కురు డన్‌కర్కు దాడిన సమయముననే తప్పించుకొనిరి. ఒక దళము జర్మనులకు బందీయయ్యెను. వీరిని గూర్చి యొక్క దృశ్యమున్నను బాగుండెడిది. ఐనను మూడులక్షలమందిలో కొన్నివందలమంది కనబడకుండుటను నేను పెద్దనేరముగా నెంచను. అల్పసంఖ్య మఱుగుపడుట వేఱు, అధికసంఖ్య మఱుగుపడుట వేఱు. ఈ రెండవదానికి సాక్ష్యము మఱునాటివారము దొరకినది.

ఆ వారము చూచినది 1957లో డేవిడ్ లీన్ తీసిన ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’. నాడు మిత్రుని పెదనాన్నగారు కూడ మాతో గూర్చుండిరి. ఆయన తొంబదికి జేరువైన వృద్ధుడు. మలయాలో, పేరా రాష్ట్రపు బగన్ దతో ప్రాంతమున కొబ్బరితోటలో పుట్టి, యుద్ధము ముగిసిన పిదప తల్లితో శ్రీకాకుళపు సీమకు వచ్చినవాడు. ఆ తోటలకు మన తీరజిల్లాలనుండి వలసపోయిన తెలుగు కుటుంబములు చాల గలవు.

కథ తెలిసినదే. జపానీయులకు జిక్కిన బ్రిటిషు సైనికులు సయాము అడవిలో రైలువంతెన కట్టవలసివచ్చెను. వారి కర్నలు నికల్సన్ మొదట మొండికెత్తి, తరువాత తన సైనికుల క్రమశిక్షణ నిలుపుటకై శత్రువునకు దానే యుత్తమమైన వంతెన కట్టియిచ్చును. మఱొకదిక్కున దానిని పేల్చుటకు మందుగుండుతో కొందఱు అడవిదారిని వచ్చుచుందురు. రాత్రి నది తీసి, తీగ బయటపడును, రైలుకూత వినబడును. ఆ యరగంట యూపిరి సలుపనీయదు. ఆలెక్ గిన్నిస్ నటన యీనాటికిని వన్నె తఱుగలేదు. చిత్రమునకు 7 ఆస్కారు బహుమానములు వచ్చెను. వానిలో కథారచనకైన బహుమానము మూలనవలను వ్రాసిన ఫ్రెంచివాడగు పియేర్ బూల్ పేర నీయబడెను. నిజముగా రచించిన కార్ల్ ఫోర్మన్, మైకేల్ విల్సన్ అనువారు కమ్యూనిస్టులన్న యనుమానమున హాలీవుడ్డు నిషేధపు జాబితాలో నుండుటచే వారి పేర్లు వేయలేదు. 1984లో నా లోపము దిద్దబడునప్పటి కిద్దఱును గతించిరి. పనిచేసినవాని పేరు చెఱిపివేయుట యీ చిత్రమునకు తెరవెనుక గూడ దప్పలేదన్నమాట.

చారిత్రకముగా దీనిలోని తప్పులు పలువురు చెప్పియున్నారు. తమర్కాను శిబిరమున ఖైదీల పెద్దయగు ఫిలిప్ టూసీ నికల్సన్ వంటివాడు కాడు; తనవారి ప్రాణములు కాపాడుకొనుచు, పనిని జాగుచేయ యత్నించినవాడు. జపాను ఇంజనీర్లు చిత్రమున జూపినట్లు చేతగానివారును గారు. అచట కఱ్ఱవంతెన, ఉక్కువంతెన రెండును 1943లో పూర్తియై, విమానదాడులవలన 1945లో దెబ్బతినినవి. బూల్ నవలలో సైతము వంతెన కూలదు. తెరపై కూలకున్న ప్రేక్షకు డొప్పుకొనునా! అన్నిటికంటె వింతయైనది మఱొకటి. వంతెన యున్నది మేక్లాంగు నదిపైన. క్వాయ్ నదిపై గాదు. చిత్రము చూచి యాత్రికులు వచ్చి క్వాయ్ వంతెన యేదని యడుగసాగిరి. 1960 దశకమున థాయిలాండువా రాభాగపు నదికే క్వే యాయి యని పేరు మార్చిరి. చలనచిత్రము నదిపేరునే మార్చగలిగినప్పుడు జనుల జ్ఞాపకమును మార్చదనుట యెట్లు?

బొమ్మ ముగిసినది. దీపము వెలిగించితిమి. మేము గిన్నిస్‌ను గూర్చి మాటలాడుచుండగా వృద్ధుడు తన తమ్మునికొడుకువంక తిరిగి, “ఇందులో మనోళ్ళు ఒక్కరూ అగుపడ్లేదేట్రా?” అని యడిగెను. కొంతసేపటి కాయనయే, “మా అయ్యని పట్టుకుపోయింది దీని పనికే” అనెను.

ఆయన యడిగిన ప్రశ్నకు లెక్కలలో సమాధానమున్నది. బర్మాలోని తమ సేనకు సముద్రమార్గమున సరకు పంపుట శత్రుపక్షపు జలాంతర్గాములవలన కష్టమై, జపానీయులు 1942లో నీ రైలుమార్గము నారంభించిరి. సయాములో బాన్ పోంగ్ చేరువనుండి బర్మాలో తన్‌బ్యూజయాత్ వఱకు 415 కిలోమీటర్లు. 1943 అక్టోబరులో రెండుకొనలు కలిసెను. పనిచేసిన బ్రిటిషు, డచ్చి, ఆస్ట్రేలియా, అమెరికా యుద్ధఖైదీలు 60,000 పైచిలుకు; చనిపోయినవారు 12,000 పైచిలుకు. వీరితోపాటు బర్మీయులు, జావావారు, మలయులు, మలయా తోటలలోని దక్షిణభారతీయులు మొదలగు ఆసియా కూలీలు రెండులక్షల దరిదాపున నుండిరని చరిత్రకారుల యంచనా. చచ్చినవారు తొంబదివేలని సామాన్యముగా జెప్పుదురు. మలయానుండి పోయినవారిలో తమిళు లధికులు. తెలుగువారు, మలయాళులును గలరు. అనగా ఆ దారి వేసినవారిలో ముగ్గురిలో నిద్దఱికంటె నెక్కువమంది యీ చిత్రమున లేరు. అందున్న ఆసియావారు కావలివారగు జపానీయులును, సామాను మోయు నలుగురు సయాము స్త్రీలును, మఱికొందఱును మాత్రమే.

వారిని గొనిపోయిన విధము వేఱుగ జెప్పవలసియున్నది. మొదట దినమునకొక డాలరు కూలి, ఉచితభోజనము, మూడునెలల గడువు అని చాటించిరి. యుద్ధమువలన రబ్బరు ఎగుమతి నిలిచి తోటలలో పనిలేక యాకలితో నున్నవారు కొందఱు నమ్మి పోయిరి; కొందఱు భార్యాబిడ్డలతోగూడ పోయిరి. పోయినవారు తిరిగిరాకుండుట చూచి తక్కినవారు వెనుదీయగా బలాత్కార మారంభమయ్యెను. యుద్ధానంతర నివేదికలలో నొక సంగతి చదివి నేను పుస్తకము మూసివేసితిని. మలయాలోని యూళ్ళలో నుచితముగా చలనచిత్రప్రదర్శనమని ప్రకటించి, జనులు నిండిన పిదప తలుపులు వేసి, లోనున్న మగవారిని రైలెక్కించి సయామునకు పంపిరట! రైలుమార్గమును గూర్చిన చిత్రమును మనము తెరపై జూచుచున్నాము. ఆ మార్గమునకు కొందఱు తెరముందునుండియే గొనిపోబడిరి. ఈ దృశ్యమును మించిన యుత్కంఠ యే థ్రిల్లరు రచయితకు దోచును? ఐనను లీన్ చిత్రమున దీనికి దావు లేదు.

ఎందులకు లేదని విచారించితిని. లీన్‌కు గాని బూల్‌కు గాని మనపై ద్వేషముండెనని నేననను. ఖైదీలకు సైనికాధికారులుండిరి, వైద్యులుండిరి. వారు రహస్యముగా దినచర్యలు వ్రాసిరి, బొమ్మలు గీసిరి, చచ్చినవారి జాబితాలు దాచిరి. కాబట్టి నేడు కాంచనబురిలో దాదాపు 7,000 సమాధు లున్న శ్మశానవాటిక చక్కగా పోషింపబడుచున్నది. (ఆ యూరిపేరు మన ‘కాంచనపురి’యే!) కూలీలకు చదువు లేదు, నాయకుడు లేడు, నీరు కాచి త్రాగుమని చెప్పువాడు లేడు. 1943 వానలలో కలరా వచ్చినప్పుడు ఖైదీలకంటె వారే యెక్కువగా రాలిరి. ఆ సంవత్సరముననే ఖైదీలలోని వైద్యబృందములు కొన్ని కూలీల శిబిరములకు పంపబడుటచే, వారు చూచి వ్రాసినంతమట్టుకు మనకు దెలిసినది. తక్కిన దంతయు కాగితమున కెక్కలేదు. కాగితమున కెక్కనిది నవలకు రాదు. నవలలో లేనిది తెరకు రాదు. 1944లో జపానీయులే వంతెనచెంత నొక స్మారకస్తంభ మెత్తి చనిపోయిన వారందఱిని స్మరించిరి. చంపినవారు కట్టిన స్తంభమది.

మా మిత్రులలో నొకరు దీని కడ్డుచెప్పిరి. “చలనచిత్రము గెజిటియరు కాదు. నికల్సన్ మనస్సును జూపబూనినవాడు రెండులక్షలమందిని జూపజాలడు. అందఱిని చేర్చిన కథ చెడును” అనిరి. ఈ వాదమున బలమున్నది. నేను చిన్నప్పటినుండి ప్రేమించిన చిత్రమును నిషేధింపుమని కోరుటలేదు. కాని కథ చెడునన్నమాట నిజమో కాదో తేల్చుటకు మూడవవారము చూచిన చిత్ర ముపకరించినది.

అది ఇటలీ దర్శకుడు జిల్లో పొంటెకోర్వో 1966లో వెలువరించిన ‘ద బాటిల్ ఆఫ్ ఆల్జియర్స్’. ఫ్రెంచివారిపై ఆల్జీరియా ప్రజలు చేసిన పోరాటమున, ఆల్జియర్స్ నగరపు ఘట్టమిది. వార్తాచిత్రమువలె నుండును గాని వార్తాచిత్రపు ముక్క యొక్కటియు నిందు లేదు. కర్నలు మత్యూ వేషధారి తప్ప ముఖ్యపాత్రధారు లెవ్వరును వృత్తినటులు గారు. థ్రిల్లరుయొక్క పనిముట్లన్నియు నిందున్నవి. 1956 సెప్టెంబరు 30 నాటి ఘట్టము చూడుడు. ముగ్గురు యువతు లద్దముముందు జుట్టు కత్తిరించుకొని, ఫ్రెంచివేషము వేసికొని, బుట్టలలో బాంబులతో కాపలా దాటుదురు. ఒకతె ఐస్‌క్రీము దుకాణమున గూర్చుండి బుట్టను కాలితో లోనికి ద్రోయును. హిచ్‌కాక్ బల్ల, హిచ్‌కాక్ బాంబు. కాని పొంటెకోర్వో యచట గడియారముతో సరిపెట్టలేదు. ఆ యువతి చూపువెంట మన చూపును త్రిప్పును. నవ్వుచున్న జంట, గ్లాసు పట్టుకొన్న వృద్ధుడు, ఐస్‌క్రీము నాకుచున్న పసివాడు. చావబోవువారి ముఖము లొక్కొక్కటిగా చూడక తప్పదు. అంతకుముందే కస్బాలో ఫ్రెంచివారు నిద్రించువారి యిండ్లను పేల్చియున్నారు. రెండుచోట్లను శవములను దీయునపుడు వినబడు శోకసంగీత మొక్కటియే. ఉత్కంఠ తఱుగలేదు సరికదా, భరింపరానంతగా పెరిగినది.

దీనియందును లోపములేకపోలేదు. దీని నిర్మాతలలో నొకడును పాత్రధారియు నగు సాదీ యాసెఫ్ ఆ పోరాటమున నాయకుడే. అందుచేత ఆల్జీరియా జాతీయవాదులు తమలో దాము చంపుకొన్న భాగమిందు దాటవేయబడినది. గెలిచినవాడు చెప్పిన కథకు గెలిచినవాని మఱుగు తప్పదు. ఐనను ఫ్రాన్సులో కొన్నియేండ్లు ప్రదర్శనమునకు నోచుకొనని యీ చిత్రమును 2003లో అమెరికా రక్షణశాఖవారు తమ యధికారులకు బిలిచి చూపిరనగా, నిందలి చరిత్ర శత్రువులకు సైతము పనికివచ్చునంత సత్యమన్నమాట.

నాలుగవవారము మేము చిత్రము చూడలేదు. పెదనాన్నగారికి భూపటము కావలసివచ్చినది. మిత్రుడు పెద్దదానిని దెచ్చి నేలపై పఱచెను. పేరా, అక్కడనుండి ఉత్తరముగా సరిహద్దు, సయాము. ఆయన కద్దములు పనిచేయవు. మేము చదివి చెప్పితిమి. బాన్ పోంగ్ అనగానే, “అదీ. ఆ పేరు మా అమ్మ అనేది” అనెను. తండ్రి యటనుండి యెంతదూరము నడిచెనో, ఏ శిబిరమున నాగెనో ఆయన కెఱుకలేదు. మూడునెలలని చెప్పిరట, తల్లి మూడేండ్లు చూచి ఓడ యెక్కినది. వ్రేలు ఆ గీతవెంట కొంతదూరము పోయి, నది దాటినచోట నాగినది. అక్కడ వంతెన బొమ్మ అచ్చువేసియుండెను.