ఒంగోలు గిత్త, నెల్లూరు గిత్త: పెద్దదేది?

సంక్రాంతి రోజులలో గుడివాడలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూడబోయినప్పుడు, మా ప్రక్కన కూర్చున్న ఒక వృద్ధ కర్షకుడు మమ్ములను ఇట్లా ప్రశ్నించినాడు: "మన గిత్తలే బ్రెజిలు దేశంలో మనకన్న పెద్దవిగా పెరుగుతున్నవటగదా! అయితే మనం చిన్నబోయినట్లేనా?" ఆనాడు మేము సరియైన సమాధానం చెప్పలేకపోయినాము. ఈ ప్రసంగం ఆ బాకీ తీర్చుకొనడానికే.

ముందుగా పేరు సంగతి. బ్రెజిలువారు ఈ జాతిని 'నెలోరె' అంటారు. అది మన నెల్లూరే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందువల్ల పశువు ఒక్కటే అయినా పేర్లు రెండైనవి.

ఇక ప్రయాణం. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బ్రెజిలులోని సాల్వడారు రేవులో ఆగగా, అందులోని ఒంగోలు జంటను అక్కడ అమ్మివేసినారని చెపుతారు. 1878లో లెమ్‌గ్రుబరు అనే బ్రెజిలు వ్యవసాయదారుడు జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో ఈ జాతి జంటను చూచి ముచ్చటపడి కొన్నాడు. 1960 తరువాతి సంవత్సరాలలో అక్కడి పశుపోషకులు స్వయంగా మన దేశం వచ్చి, మేలైన ఆబోతులను ఏరి తీసుకొనిపోయినారు. వాటిలో ప్రసిద్ధికెక్కిన 'కర్వాడి'కి ఆ పేరు ఒంగోలు చెంతనున్న కరవది గ్రామం నుంచి వచ్చినదే. నేడు బ్రెజిలు పశుసంపదలో అధికభాగం ఈ రక్తం కలదే.

మరి పరిమాణం మాట? మన ఆబోతు అరటన్నుకు పైబడి తూగుతుంది. ఆవు 400 కిలోలు దాటి ఉంటుంది. బ్రెజిలులోని 'వియాటినా-19' అనే ఆవు బరువు 1,101 కిలోలు. 2023లో దాని విలువ 40 లక్షల డాలర్లకు మించినది. ఈ అంకెలు వినగానే మనకు గుండె జారుతుంది. కాని ఆ ఆవు తన జాతి సగటుకు ఇంచుమించు రెట్టింపు తూగుతుందని అక్కడివారే చెపుతున్నారు. అంటే అక్కడి మామూలు ఆవు 550 కిలోల ప్రాంతంలో ఉన్నదన్నమాట. భేదం ఉన్నది, కాని కొండకూ గులకరాతికీ ఉన్నంత కాదు.

ఆ భేదానికి కారణం పని. ఉత్తరపు మంచుసీమలలో బండ్లు లాగే రెండు జాతుల కుక్కలను చూడండి. చూపులకు కవలపిల్లలవలె ఉంటవి. కాని సైబీరియా హస్కీ మగకుక్క 27 కిలోలు దాటరాదు; అలాస్కా మలమూటు 38 కిలోల వరకు తూగుతుంది. తేలిక బరువుతో దూరం పరుగెత్తడానికి మొదటిదానిని, భారమైన సరుకు లాగడానికి రెండవదానిని పెంచినారు. 1925లో నోమ్ పట్టణంలో కంఠసర్పి వ్యాధి వ్యాపించినప్పుడు మందు చేరవేసిన జట్లలో అన్నిటికన్న ఎక్కువ దూరం పరుగెత్తిన జట్టుకు ముందు నడిచిన 'టోగో' హస్కీయే. అక్కడ బరువు కాదు, దమ్ము పనికివచ్చినది.

మన గిత్త చరిత్ర కూడ ఇటువంటిదే. 1855లో విజయవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయి డెల్టాలో వరిసాగు విస్తరించినప్పుడు, నల్లరేగడిలో అరక దున్నడానికి, ధాన్యపు బస్తాల బండి లాగడానికి బలమైన ఎద్దు కావలసివచ్చినది. రైతు మూపురం, గంగడోలు, కాళ్ళ పొందిక, నడక చూచి కోడెను ఎన్నుకున్నాడు. బ్రెజిలులో మాంసంకోసం పెంచేవారు పచ్చికబీళ్ళలో పశువును మేపి, త్రాసుమీద నిలబెట్టి ఎన్నుకున్నారు. ఎవరు దేనిని కోరినారో వారికి అదే లభించినది.

అయితే మనకు వచ్చిన చిక్కు వేరు. ట్రాక్టరు వచ్చినది, అరకకు పని తప్పినది, పని తప్పిన పశువుకు కొట్టంలో చోటు తగ్గినది. గుంటూరువద్ద లాం ఫారంలో ఈ జాతిపై పరిశోధన జరుగుతున్నది. పోటీలలో రెండు పండ్ల, నాలుగు పండ్ల, ఆరు పండ్ల జతలు ఇంకను బండలు లాగుతున్నవి. ఈ పట్టుదల మెచ్చదగినది. కాని పోటీకి నిలిచే కొన్ని జతలతోనే జాతి నిలువదు. ఊరూర ఆవు, దూడ ఉండాలి.

కనుక ఆ పెద్దాయనకు మా సమాధానం ఇది: తాతా, వారి గిత్త బరువెక్కినందువల్ల మనం చిన్నబోలేదు. మన కొట్టాలు ఖాళీ అయిననాడు మాత్రం తప్పక చిన్నబోతాము.