సత్యమును దాచని రాజచరిత్రము

రాజుల చరిత్రములు వ్రాయువానికి రెండు వైపులను గండమే. ఉన్నదున్నట్లు వ్రాసినచో రాజకులమునకు గోపము వచ్చును. వ్రాయనిచో చరిత్రము వందిస్తోత్ర మగును. ఈ సంకటమున ధైర్యము వీడని యొక మతాచార్యుని గ్రంథమును గూర్చి యిచట ముచ్చటింతము. లాటిను భాష చదువువారు తగ్గుటచే దీనిని నేడు తలచువా రరుదు. మొదటి కూర్పు ప్రతులు మరింత యరుదు.

గ్రంథకర్త జెరోనిమో ఒసోరియో 1506లో లిస్బనునందు జన్మించెను. సలమంకా, పారిసు, బొలోన్యా నగరములలో విద్య నభ్యసించెను. 1564లో సిల్వెష్ పీఠమునకు బిషప్పయ్యెను. లాటిను వచనరచనలో నాతనికి గల నేర్పునుబట్టి పండితు లాతనిని పోర్చుగల్ దేశపు సిసిరో యనిరి. ఆతడు పండ్రెండు భాగములుగా రచించిన మానుయేల్ రాజచరిత్రము 1571లో లిస్బనున నచ్చుపడెను. మరుసటి యేడు కమోయిష్ మహాకావ్యమును వెలువరించినదియు నా ముద్రాపకుడే.

మానుయేల్ 1495 మొదలు 1521 వరకు రాజ్యమేలెను. వాస్కో డ గామా 1498లో కళ్లికోట చేరుటయు, 1510లో గోవా పోర్చుగీసుల వశమగుటయు నీతని కాలముననే. మన కృష్ణదేవరాయలు గుఱ్ఱములకై యెవరితో మైత్రి నెరపెనో, ఆ పోర్చుగీసుల ప్రభు వీతడే. దామియావ్ ద గోయిష్ యను పండితుడు అంతకు బూర్వమే యీ రాజు చరిత్రమును దేశభాషలో వ్రాసియుండెను. ఒసోరియో దాని నాధారముగా గొని, ఐరోపాఖండమున విద్వాంసులందరు చదువగల లాటినులో గ్రంథము నిర్మించెను.

ఇంతవరకు నిది విజయగాథ. కాని నడుమ నొక నల్లని మచ్చ గలదు. స్పెయిను రాజపుత్రికను బెండ్లాడగోరిన మానుయేల్, అత్తవారి పట్టుదలకు లోబడి, యూదులు తన దేశము విడువవలెనని 1496లో శాసించెను. మరుసటి యేడు, పదునాలుగేండ్లు నిండని వారి బిడ్డలను దల్లిదండ్రుల యొడి నుండి లాగికొని బలవంతముగా జ్ఞానస్నానము చేయించిరి. కొందరు తలిదండ్రులు బిడ్డలను జంపి తామును జచ్చిరి. పోవనెంచినవారికి ఓడలు దొరకనీయలేదు. తుదకు వారికిని బలాత్కారముగా మతము మార్చిరి.

ఒసోరియో యీ ఘట్టమును దాటవేయలేదు. ఇది ధర్మశాస్త్రమునకును మతమునకును గూడ విరుద్ధమనియు, విశ్వాసము మనస్సు ఇష్టపడి స్వీకరింపవలసినదే కాని రాజాజ్ఞచే బుట్టునది కాదనియు స్పష్టముగా ఖండించెను. ఈ గ్రంథ మెవరి కంకితమయ్యెనో తెలిసినచో నా మాటల వెల తెలియును. అంకితము గొన్న హెన్రీకె కార్డినలు మానుయేలునకు స్వయముగా గుమారుడు. మతవిచారణ న్యాయస్థానమునకు ముఖ్యాధికారి! గ్రంథము వెలువడిన 1571లోనే ఆ న్యాయస్థానము వృద్ధుడగు గోయిష్ పండితుని జెరలో బెట్టెను. అట్టి కాలమున, తండ్రి చేసినది తప్పని కుమారుని చేతిలోనే బెట్టిన ధైర్యము సామాన్యము కాదు.

ఒసోరియో నేటి యర్థమున సర్వమత సమానవాది కాడు. ఇంగ్లండు రాణి యెలిజబెత్తును కతోలిక మతమునకు మరలుమని లేఖ వ్రాసినవాడు. సముద్రము దాటి తన దేశీయులు చేసిన దండయాత్రలను రాజు కీర్తిగనే వర్ణించినవాడు. మనవైపు నుండి చూచువారికి ఆ కీర్తి వేరుగా గనబడును. అయినను తన మతమే సత్యమని నమ్మినవాడే, ఆ మతము పేర జరిగిన బలాత్కారమును దప్పనుట విశేషము. పరుల దోషము నెవరైన జెప్పుదురు; తనవారి దోషమును జెప్పుటయే పరీక్ష.

ఆ మాటలు వ్యర్థము కాలేదు. ఫ్రెంచి వ్యాసకర్త మోంతేన్ ఒసోరియోను బేర్కొని యీ యూదుల దుఃఖమును దన వ్యాసములలో జెప్పెను. 1752లో నాంగ్లానువాదమును వెలువడెను.

మన యిండ్లలో బిల్లలకు జరిత్రము జెప్పునపుడు రాజుల జయములనే వల్లింపజేయుదుము. ఏ జయము క్రింద నెవరి కన్నీరున్నదో యడుగుటయు నేర్పినగాని యా చదువు పూర్తి కాదు. మన పూర్వులను గౌరవించుట వేరు, వారి తప్పులను గప్పిపుచ్చుట వేరు. మానుయేల్ చేసిన మేలును గీడును నొక్క గ్రంథముననే జదువగలుగుచున్నాము. స్తోత్రపాఠకుడు వ్రాసియున్నచో మనకు మేలొక్కటే మిగిలి యుండెడిది. ఆ బిడ్డల గోడు వినబడకయే పోయెడిది.