పేదరాసి పెద్దమ్మ వాకిలి

బార్డోలీ పేరు వినగానే 1928 నాటి రైతు సత్యాగ్రహము స్ఫురించును. పెంచిన శిస్తు చెల్లింపబోమని ఆ తాలూకా రైతులు నిలిచిన దినములలో, పార్సీ వనిత మిఠూబెన్ పెటిట్ సంపన్న గృహమును విడిచి వారి నడుమ పనిచేసినది. పల్లెవారికి ఆమె 'బెన్', అనగా సోదరి. రక్తసంబంధము లేనిచోట పిలుపే బంధుత్వమైనది.

ఈ మర్మమును తెలుగు బాలకథలు ఏనాడో ఎరిగియున్నవి. తల్లిదండ్రులు లేని బాలుడో, సవతితల్లి తరిమిన రాకుమారుడో ప్రొద్దుగ్రుంకు వేళకు పరాయి నగరము చేరును. వానికి తలుపు తీయునది కోటలోని రాజు కాదు. పూటకూళ్లు నడుపుకొను పేదరాసి పెద్దమ్మ. కొన్ని కథలలో వాడిచ్చిన మాడలతోనే ఆమె వంట చేయును. ఐనను కాళ్లకు నీళ్లిచ్చి, ఊరి గుట్టు చెప్పి, అపాయము వచ్చినపుడు దాచునది ఆమెయే. ఆమె పేరులోనే పేదరికమును చుట్టరికమును జంటగా నున్నవి.

కాని ఆ కథలలో ఒక లోపమును కలదు. వీరుడు రాకుమార్తెను పెండ్లాడి సింహాసన మెక్కును. పిదప పెద్దమ్మ ఏమైనదో పెక్కు కథలు చెప్పవు. ఆమె ఇల్లు మజిలీ మాత్రమే. 1908లో వెలువడిన కెనడా నవల 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' త్రోవ వేరు. పొలము పనికి బాలుని కోరిన వృద్ధ సోదరీసోదరులకు అనాథ బాలిక వచ్చినది. వారి యిల్లే ఆమెకు గమ్యమైనది. పెరిగి పెద్దదైన పిదప ఆ వృద్ధురాలికి ఆమెయే అండయైనది.

తెలుగునాట ఈ బంధమును నిలిపినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. 1940లో బాలానంద సంఘమును, 1945లో 'బాల' పత్రికను నెలకొల్పిన ఆ యిరువురును రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిరి. వినుచున్న పిల్లలందరును వారికి తమ్ముళ్లు, చెల్లెండ్రే. మిఠూబెన్ కూడ సత్యాగ్రహముతో మరలిపోలేదు. మరోలీలో ఆశ్రమము నెలకొల్పి, 1973లో కన్నుమూయు వరకు ఆ ప్రాంతపు సేవలోనే యుండెను. పిలుపునకు విలువ నిలుకడవలననే వచ్చును.

బార్డోలీలో కాపురమున్న తెలుగు బిడ్డలకు అమ్మమ్మలు దూరము. పొరుగింటి ముదుసలిని 'బా' అని పిలిచిన బిడ్డకు ఆ యింట చోటు దొరకును. బదిలీ ఉత్తరువు వచ్చిననాడు ఆ బిడ్డయు వేరొక ఊరికి పోవలసినదే. కథలోని రాకుమారుడు మరచిన పని యొకటి అప్పుడు చేయవలసియుండును: క్రొత్త ఊరినుండి ఆ 'బా'కు ఒక జాబు వ్రాయుట.