హవాయి మిషనరీ స్టాంపులు: ఒక హత్యాకథ, ఒక కోర్టు కేసు

హవాయి ఇంకా రాజ్యంగా ఉన్న రోజుల్లో, 1851 అక్టోబరు 1న, అక్కడి తపాలా శాఖ జారీ చేసిన తొలి స్టాంపులకు సేకర్తలు పెట్టుకున్న పేరు ‘మిషనరీలు’. 2, 5, 13 సెంట్ల విలువలతో, నీలి సిరాతో, పల్చటి కాగితం మీద అచ్చయ్యాయి. ఇప్పటికి మిగిలినవి అన్నీ కలిపి సుమారు 200. అందులో 2 సెంట్లవి పదిహేను దాకా. ఒక స్టాంపు కోసం మనిషిని చంపారన్న కథల్లో ఎక్కువగా చెప్పుకునేది 2 సెంట్ల మిషనరీ గురించే. స్టాంపు అసలుదో నకిలీదో తేల్చడానికి దశాబ్దాల పాటు నడిచిన ఒక వివాదం కూడా ఈ మిషనరీల మీదే.

ఈ స్టాంపుల పుట్టుకకు కారణం కాలిఫోర్నియా బంగారం. అంతకుముందు హొనలూలు నుంచి అమెరికా తూర్పు తీరానికి ఉత్తరం చేరాలంటే తిమింగలాల వేట ఓడో, సరుకు ఓడో ఎక్కి, దక్షిణ అమెరికా కొసను చుట్టి, నెలల తరబడి ప్రయాణించాలి. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. శాన్‌ఫ్రాన్సిస్కో రేవు ఒక్కసారిగా పెరిగింది. అక్కడి నుంచి తూర్పుకు పనమా మీదుగా అమెరికా తపాలా నడవడం మొదలైంది. హవాయికి కూడా పద్ధతి ప్రకారం నడిచే తపాలా కార్యాలయం కావలసి వచ్చింది. 1850 చివర్లో హొనలూలు పోస్టుమాస్టరుగా నియమితుడైన హెన్రీ విట్నీ, హవాయిలోనే మిషనరీ దంపతులకు పుట్టినవాడు. అచ్చుపని తెలిసినవాడు.

దీవుల్లో స్టాంపులు చెక్కే కళాకారులు లేరు. ఉన్నదల్లా ‘పాలినీషియన్’ అనే పత్రికను అచ్చువేసే ప్రభుత్వ ముద్రణాలయం. అక్కడ దొరికిన సీసపు అక్షరాలు, అంచులకు వాడే అలంకారపు ముక్కలు చేత్తో పేర్చి స్టాంపు తయారుచేశారు. మధ్యలో పెద్ద అంకె, దాని చుట్టూ తీగల నగిషీ, పైన తపాలా పేరు, కింద విలువ, చుట్టూ చట్రం. అంతే. పక్కపక్కనే రెండు కూర్పులు పేర్చి ఒకేసారి రెండు స్టాంపులు అచ్చొత్తేవారు. చేతి కూర్పు కావడంతో రెండిట్లో అక్షరాల స్థానం రవ్వంత తేడాగా పడింది. అందుకే ప్రతి విలువలోనూ రెండు రకాలు కనిపిస్తాయి. ఈ చేతి కూర్పు డెబ్బై ఏళ్ల తర్వాత కోర్టులో సాక్ష్యమవుతుందని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

2 సెంట్ల స్టాంపు ముఖ్యంగా పత్రికలకు, 5 సెంట్లది ఉత్తరాలకు. 13 సెంట్లది విచిత్రమైన ఏర్పాటు: అందులో 5 సెంట్లు హవాయి రుసుము, 2 సెంట్లు ఓడ కెప్టెనుకు, 6 సెంట్లు అమెరికా తపాలాకు. రెండు దేశాల రుసుము ఒకే బిళ్ళలో ముందుగా చెల్లించడం ఆ కాలానికి కొత్త. 1852లో ఈ స్టాంపును మళ్ళీ అచ్చువేసినప్పుడు, అమెరికా రుసుము కూడా ఇందులో కలిసే ఉందని తెలిసేలా పై వరుసలోని మాటలు మార్చారు.

ఈ లెక్క కళ్ళకు కట్టే కవరు ఒకటుంది. 1852 అక్టోబరులో హొనలూలు నుంచి న్యూయార్క్‌లోని డాసన్ అనే ఇంటిపేరు గల మహిళకు వెళ్ళిన ఉత్తరం అది. దాని మీద 5 సెంట్ల మిషనరీ, 2 సెంట్ల మిషనరీ, రెండు 3 సెంట్ల అమెరికా స్టాంపులు ఉన్నాయి. మొత్తం 13 సెంట్లు. 2 సెంట్ల మిషనరీ అంటించి ఉన్న కవరు ఇదొక్కటే. ఎవరో కాల్చేద్దామని పాత కాగితాల కట్టను కొలిమిలో కుక్కితే, మరీ బిగుతుగా ఉండటంతో మంట ఆరిపోయిందనీ, దశాబ్దాల తర్వాత ఆ కట్టలో ఈ కవరు దొరికిందనీ చెబుతారు. అంచున కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

మిగిలినవాటికి అంత అదృష్టం పట్టలేదు. పత్రికల మీద చుట్టిన కాగితాన్ని ఎవరు దాస్తారు? 2 సెంట్లవి చెత్తలోకి పోయాయి. స్టాంపు కాగితం కూడా నాసిరకమే. తడిపి ఊడదీయబోతే చిరిగిపోయేది. మిగిలినవాటిలో అతుకు లేనిది అరుదు. ఎక్కువ భాగం క్రైస్తవ మిషనరీలు స్వదేశానికి రాసుకున్న ఉత్తరాల మీద దొరికాయి. పేరు అందుకే వచ్చింది. 1853లో బోస్టన్‌లో చెక్కించిన, మూడో కమేహమేహా రాజు బొమ్మ ఉన్న స్టాంపులు రావడంతో 5, 13 సెంట్ల మిషనరీలకు కాలం చెల్లింది.

తపాలా ముద్ర పడని 2 సెంట్ల మిషనరీ ఒకే ఒక్కటి తెలుసు. పారిస్‌లో ఉండి ప్రపంచంలోకెల్లా గొప్ప స్టాంపుల సేకరణ కూడబెట్టిన ఫిలిప్ ఫెరారీ చేతికి అది చేరింది. తర్వాత మారిస్ బ్యూరస్, ఆల్ఫ్రెడ్ కాస్పరీ లాంటి పెద్ద సేకర్తల చేతులు మారింది. హత్యాకథను ఈ స్టాంపుకే ముడిపెడతారు. 1892లో గాస్టన్ లెరూ అనే సేకర్త పారిస్‌లోని తన ఇంట్లో హత్యకు గురయ్యాడట. డబ్బు, విలువైన వస్తువులు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. పోలీసులకు అంతు చిక్కలేదు. స్టాంపుల మీద అభిరుచి ఉన్న ఒక డిటెక్టివు ఆల్బం తిరగేసి, 2 సెంట్ల మిషనరీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉందని గమనించాడు. మృతుడి స్నేహితుడు, తోటి సేకర్త అయిన హెక్టర్ జిరూతో స్నేహం కలిపాడు. స్టాంపు అతని దగ్గరే ఉందని తేలింది. ఎంత అడిగినా అమ్మనన్నందుకే చంపానని జిరూ ఒప్పుకున్నాడు.

కథ నిండుగా ఉంది. అయితే ఆ కాలపు పారిస్ పత్రికల్లో ఈ కేసు ఆనవాలు దొరకలేదు. పైగా గాస్టన్ లెరూ అన్న పేరు ప్రసిద్ధ ఫ్రెంచ్ డిటెక్టివ్ నవలాకారుడిది. 1890లలో ఆయన పారిస్ కోర్టు వార్తలు రాసే విలేకరి కూడా. కల్పించినవారు ఆ పేరును అక్కడి నుంచే తెచ్చుకుని ఉండవచ్చన్న అనుమానం సహేతుకమే. ఇంత రుజువులేని కథ ఇన్నేళ్లు నిలవడానికి కారణం, అది సేకర్త మనసును సరిగ్గా పట్టుకోవడం. డబ్బును వదిలేసి కాగితపు ముక్కను మాత్రమే తీసుకెళ్ళిన దొంగ ఎవరో, ఆ ముక్క విలువ తెలిసినవాళ్ళే కనిపెట్టగలరు. డిటెక్టివ్ కథకు ఇంతకన్నా మంచి చిక్కుముడి దొరకదు. స్టాంపుల చుట్టూ అల్లిన టీవీ డిటెక్టివ్ ఎపిసోడ్లు ఎక్కువగా ఈ దారినే నడుస్తాయి. అంతకుముందే 1933లో ఎల్లరీ క్వీన్ పేరిట స్టాంపు దొంగతనం మీద ఒక కథ వచ్చింది. 1963 నాటి హాలీవుడ్ చిత్రం ‘షరేడ్’లో అందరూ వెతికే సొమ్ము ఒక కవరు మీది మూడు స్టాంపుల రూపంలో కళ్ళెదుటే ఉంటుంది. వాటిలో ఒకటి హవాయి మిషనరీని చూసి కల్పించిందే.

నిజంగా నడిచిన నేర పరిశోధనలు వేరే ఉన్నాయి. బెర్లిన్ తపాలా మ్యూజియం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తన అమూల్యమైన స్టాంపులను ఐస్లెబెన్ గనిలో దాచింది. యుద్ధం ముగిశాక చూస్తే మిషనరీలతో సహా కొన్ని మాయమయ్యాయి. మూడు దశాబ్దాల తర్వాత అవి అమెరికాలో బయటపడ్డాయి. అక్కడి కస్టమ్స్ శాఖ వాటిని స్వాధీనం చేసుకుంది. 1990లో తిరిగి జర్మనీ చేరాయి.

విట్నీ 1856లో స్థాపించిన పత్రికే తర్వాతి కాలపు ‘హొనలూలు అడ్వర్టైజర్’. దాని ప్రచురణకర్త థర్‌స్టన్ ట్విగ్-స్మిత్, మిషనరీల వంశంవాడు, ఈ స్టాంపులను ఏళ్ల తరబడి సేకరించాడు. 1995లో వాటిని న్యూయార్క్‌లో వేలం వేశారు. కాలిన మచ్చ ఉన్న డాసన్ కవరు 20 లక్షల డాలర్లకు పైగా పలికింది.

అన్నిటికన్నా శ్రద్ధగా చదవదగ్గది గ్రినెల్ కేసు. 1918లో లాస్ ఏంజెలెస్ ఉపాధ్యాయుడు జార్జ్ గ్రినెల్ తనకు పెద్ద సంఖ్యలో మిషనరీలు దొరికాయన్నాడు. పాత మిషనరీ కుటుంబంతో ఉత్తరాలు నడిపిన ఇంటి నుంచి వచ్చాయని చెప్పాడు. జాన్ క్లెమన్ అనే న్యూయార్క్ వ్యాపారి 43 స్టాంపులను 65,000 డాలర్లకు కొన్నాడు. వాటిలో కొన్నిటిని కాస్పరీకి అమ్మితే, ఆయన అనుమానించి తిప్పి పంపాడు. క్లెమన్ దావా వేశాడు. 1922లో లాస్ ఏంజెలెస్‌లో విచారణ జరిగింది. అసలు స్టాంపులు విడి అక్షరాలు పేర్చి అచ్చొత్తినవి. ఇవి మాత్రం ఫొటో తీసి లోహపు పలక మీదికి ఎక్కించి ముద్రించినవని నిపుణులు సాక్ష్యమిచ్చారు. ఆ పద్ధతి 1851లో లేదు. కోర్టు స్టాంపులను నకిలీవిగా తేల్చి, డబ్బు వెనక్కి ఇవ్వమంది.

వాటిని నమ్మినవారు మాత్రం ఊరుకోలేదు. గ్రినెల్, స్టాంపులు ఎవరి ఇంటి నుంచి వచ్చాయో ఆ కుటుంబం, వాళ్ళ వారసులు పోరాటం సాగించారు. లండన్‌లోని రాయల్ ఫిలటెలిక్ సొసైటీ ముందు మళ్ళీ పరీక్షకు పెట్టారు. సిరాలోని రంగు పదార్థాలను రామన్ వర్ణపట పద్ధతిలో విశ్లేషించారు. అక్షరాల ఆకృతి, వాటి స్థానాలు, కాగితం, తపాలా ముద్రలు ఒక్కొక్కటీ అసలు వాటితో సరిపోల్చారు. విడి అక్షరాల అచ్చులో ఒకే సీసపు ముక్క ఒత్తిడికి అరిగిన తీరు ప్రతి స్టాంపులోనూ కనబడాలి. గ్రినెల్ స్టాంపుల్లో ఆ పోలిక కుదరలేదు. 2004లో సొసైటీ వాటిని నకిలీవిగా ప్రకటించింది. యజమానుల పక్షం ఈ తీర్పును ఒప్పుకోలేదు. 1922లో సాక్షులు చేరిన నిర్ణయానికే 2004 నాటి పరిశోధన కూడా మళ్ళీ చేరుకుంది.